రేస్, ఎథ్నిసిటీ: అమెరికా ఫారాల్లో ఎక్కడ ఏం టిక్ పెట్టాలి?

అమెరికాలో దిగిన తెలుగువాళ్ళకి ఈ ప్రశ్న చాలా త్వరగా ఎదురవుతుంది. సోషల్ సెక్యూరిటీ నంబర్ కోసం నింపే ఎస్ఎస్-5 ఫారంలోనే ఎథ్నిసిటీ గురించి ఒక ప్రశ్న, రేస్ గురించి ఇంకో ప్రశ్న ఉంటాయి. ఉద్యోగంలో చేరేటప్పుడు, పిల్లల్ని బడిలో వేసేటప్పుడు, ఆసుపత్రిలో, గ్రీన్ కార్డుకి పెట్టే ఐ-485లో, పౌరసత్వానికి పెట్టే ఎన్-400లో, పదేళ్ళకోసారి వచ్చే జనాభా లెక్కల్లో మళ్ళీ అవే అడుగుతారు. ఎథ్నిసిటీ దగ్గర మనకి సంబంధించిన మాట ఒక్కటీ ఉండదు. రేస్ దగ్గర కొన్ని ఫారాల్లో ‘ఇండియన్’ అన్న మాట రెండు చోట్ల కనిపిస్తుంది. దాంతో చాలామంది పక్కవాళ్ళు ఏం పెట్టారో అడిగి అదే పెట్టేస్తారు. ఇది మన గురించీ మన పిల్లల గురించీ చెప్పే లెక్క. అర్థం చేసుకునే నింపాలి.

ముందు తేడా పట్టుకోండి

రేస్ అంటే ఒంటి రంగు, జుట్టు, ముఖం తీరు లాంటి పైకి కనిపించే గుర్తుల్ని బట్టి సమాజమూ ప్రభుత్వమూ మనుషుల్ని విడగొట్టిన పెద్ద గుంపు. ఎథ్నిసిటీ అంటే మనది ఏ భాష, మన పెద్దవాళ్ళది ఏ ప్రాంతం, ఏ పండగలు చేసుకుంటాం, ఏ చరిత్రను మనది అనుకుంటాం అన్నది. మొదటిది చాలావరకు బయటివాళ్ళు మన మీద వేసే ముద్ర. రెండోది ఇంట్లో, బంధువుల్లో, ఊళ్ళో పెరుగుతూ వచ్చేది. పౌరసత్వం ఈ రెండిటికీ సంబంధం లేని మూడో సంగతి.

నలుగురైదుగురు మనుషుల్ని తీసుకుని మనసులోనే విడదీసి చూడండి, తేలిగ్గా పట్టుబడుతుంది. డాలస్‌లో పుట్టిన ఒక అమ్మాయి తల్లిదండ్రులది గుంటూరు అనుకుందాం. ఆమె పౌరసత్వం అమెరికాది, ఫారాల ప్రకారం రేస్ ఏషియన్, ఎథ్నిసిటీ తెలుగు. పక్కింటి మదురై కుటుంబానిది కూడా అదే రేస్, కానీ ఎథ్నిసిటీ తమిళం. సోమాలియా నుంచి మిన్నెసోటాకి శరణార్థిగా వచ్చిన మనిషినీ, తాతముత్తాతలు జార్జియా పత్తి చేలల్లో బానిసలుగా బతికిన మనిషినీ అమెరికా ఒకే రేస్‌లో లెక్కేస్తుంది. ఇద్దరి భాష, తిండి, చరిత్ర వేరు, చాలాసార్లు మతం కూడా వేరే. తిరగేసి చూస్తే లాటినోలున్నారు, అంటే మెక్సికో, క్యూబా, దక్షిణ అమెరికా లాంటి చోట్ల మూలాలున్నవాళ్ళు. వాళ్ళలో నల్లగా ఉండే క్యూబన్లున్నారు, ఇటలీ మూలాలున్న అర్జెంటీనావాళ్ళున్నారు. 1990 నుంచి 2000 దాకా పెరూ అధ్యక్షుడిగా ఉన్న అల్బెర్టో ఫుజిమోరి తల్లిదండ్రులు జపాన్ నుంచి వచ్చినవాళ్ళు. ఒకే ఎథ్నిసిటీ కింద లెక్కపడేవాళ్ళలో ఎన్ని రేసులున్నాయో చూడండి.

మరి రేస్ రక్తంలో ఉండదా అని అడుగుతారు. 1972లో రిచర్డ్ లెవాంటిన్ అనే జన్యు శాస్త్రవేత్త లెక్కగట్టి చూపించాడు: మనుషుల మధ్య ఉన్న జన్యు తేడాల్లో దాదాపు 85 శాతం ఒక్కో జనసమూహం లోపలే ఉన్నాయి. అంటే ఒకే ఊరి ఇద్దరి మధ్య ఉన్న తేడాలే ఎక్కువ, రేసుల మధ్య ఉన్నవి కొంచెమే. అలాగని రేస్ ఉత్త భ్రమ అని కొట్టేయకూడదు. ఎవరికి ఓటు ఉండాలి, ఎవరు ఏ వీధిలో ఇల్లు కొనాలి, ఎవరు పౌరులు కావచ్చు అన్నవి ఆ దేశంలో ఎన్నో ఏళ్ళు రేస్‌ని బట్టే నడిచాయి. ఆ దెబ్బలు ఇంకా మానలేదు కాబట్టే ఇప్పటికీ ఆ లెక్క తీస్తున్నారు.

ఎథ్నిసిటీ గడిలో ‘నో’ పెట్టండి

ఇది చిన్న పని. అమెరికా ప్రభుత్వం 1977లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఫారంలో ఎథ్నిసిటీ అంటే ఒకే ఒక్క ప్రశ్న: మీరు హిస్పానిక్ లేదా లాటినోనా, కాదా? మెక్సికో, ప్యూర్టో రికో, క్యూబా, మధ్య, దక్షిణ అమెరికా దేశాలు, లేదా ఇంకేదైనా స్పానిష్ సంస్కృతి మూలాలున్నవాళ్ళు అవును అంటారు. మనం కాదు అనాలి. ‘నాకూ ఒక ఎథ్నిసిటీ ఉంది కదా, నో అంటే ఎలా’ అని ఆగిపోకండి. ఆ గడి మీ ఎథ్నిసిటీ ఏమిటని అడగడం లేదు, ఆ ఒక్క గుంపులో ఉన్నారా అని మాత్రమే అడుగుతోంది. నా అభిప్రాయంలో దానికి ఎథ్నిసిటీ అని పేరు పెట్టడమే ఈ గందరగోళానికి సగం కారణం.

రేస్ గడిలో ఏషియన్, దాని కింద ఏషియన్ ఇండియన్

ఇక్కడ మూడు తప్పు దారులున్నాయి.

మొదటిది ‘అమెరికన్ ఇండియన్’. అమెరికాలో ఉంటున్న ఇండియన్ అనుకుని దీన్ని టిక్ చేసేవాళ్ళున్నారు. అది నవాహో, చెరోకీ, లకోటా లాంటి అక్కడి ఆదివాసీ ప్రజలది. కొన్ని ఫారాల్లో ఆ గడి పక్కనే తెగ పేరు రాయమని ఖాళీ ఉంటుంది. భూమి పోగొట్టుకుని, ఒప్పందాలు ఉల్లంఘనకి గురై, చివరికి తమ సంఖ్యతోనే హక్కులు అడగాల్సి వచ్చిన ప్రజల లెక్కలో మనం పొరపాటున కూడా చేరకూడదు.

రెండోది ‘వైట్’. మనం కాకేషియన్ రేస్ (పాతకాలపు పండితులు యూరప్ వాళ్ళనీ ఇంకొందరినీ కలిపి పెట్టిన పేరు) అని ఎక్కడో చదివిన జ్ఞాపకంతో కొందరు ఇది పెడతారు. ఈ వాదన అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయింది, ఆ సంగతి తెలుసుకోవడం మంచిది. పంజాబ్ నుంచి వచ్చిన భగత్ సింగ్ థింద్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. అప్పట్లో బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళకీ, ఆఫ్రికా మూలాలున్నవాళ్ళకీ మాత్రమే పౌరసత్వం. 1922 నవంబరులో జపాన్‌లో పుట్టిన తకావో ఒజావా కేసులో కోర్టు, తెల్లవాడంటే కాకేషియన్ అని చెప్పి అతనికి పౌరసత్వం కాదంది. థింద్ ఆ మాటనే పట్టుకున్నాడు. నేను ఆర్యుణ్ణి, అగ్రకులంవాణ్ణి, పండితుల వర్గీకరణ ప్రకారం కాకేషియన్‌నే అన్నాడు. 1923 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది: పండితులు ఏమన్నా సరే, మామూలు మనిషి దృష్టిలో ఇతను తెల్లవాడు కాదు. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్. మూడు నెలల తేడాలో కొలబద్దే మారిపోయింది. అప్పటికే పౌరసత్వం పొందిన భారతీయుల దగ్గర్నుంచి దాన్ని వెనక్కి లాక్కోవడం మొదలైంది. మనవాళ్ళకి మళ్ళీ ఆ హక్కు 1946లో వచ్చింది, అదీ ఏడాదికి 100 మంది వలసదారుల కోటాతో.

జనాభా లెక్కలు చూస్తే ఇంకా తెలుస్తుంది. 1930, 1940 లెక్కల్లో భారతీయులందరి రేస్ ‘హిందూ’. సిక్కులైనా ముస్లింలైనా అదే. 1970లో మనల్ని వైట్‌లో కలిపారు. 1977 నిబంధనలు ఏషియన్ కిందికి తెచ్చాయి. భారతీయ సంఘాలు గట్టిగా అడిగిన ఫలితంగా 1980లో ‘ఏషియన్ ఇండియన్’ అన్న గడి వచ్చింది. మనుషులు అవే, ఒంటి రంగు అదే, యాభై ఏళ్ళలో మూడు రేసులు. రేస్ అంటే ఏమిటో ఇంతకంటే సూటిగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు. 2020 లెక్కల్లో ఏషియన్ ఇండియన్ ఒక్కటే టిక్ చేసినవాళ్ళు దాదాపు 44 లక్షలు.

మూడోది, ‘ఇతర’ అన్న గడిలో ‘ద్రవిడియన్’ అని రాయడం. ద్రావిడం అనేది భాషా కుటుంబం. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబం అని 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ చూపించింది భాషల పోలికతోనే. 1856లో రాబర్ట్ కాల్డ్‌వెల్ అనే క్రైస్తవ మత ప్రచారకుడు ఆ కుటుంబానికి ఆ పేరు స్థిరపరిచాడు. తర్వాతి కాలపు బ్రిటిష్ అధికారులు, ముఖ్యంగా 1901 జనాభా లెక్కల నాటి రిస్లీ, ముక్కులు కొలిచి దాన్ని రేస్‌గా మార్చబోయారు. ఆ కొలతల శాస్త్రం నిలవలేదు. ఆ మాట మాత్రం మన నోళ్ళలో మిగిలింది.

కొత్త ఫారం వస్తే

2024 మార్చిలో నిబంధనలు మార్చారు. రెండు ప్రశ్నల బదులు ఒకే ప్రశ్న, ఏడు గుంపులు. హిస్పానిక్ లేదా లాటినో కూడా ఇప్పుడు మిగతా వాటి పక్కనే ఉంటుంది. మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా వాళ్ళకి కొత్తగా ఒక గడి వచ్చింది. ఆఫీసులన్నీ ఒకేసారి మారవు కాబట్టి ఇంకా కొంతకాలం పాతవీ కొత్తవీ రెండూ చేతికొస్తాయి. మన జవాబు మారదు: ఏషియన్, వివరం అడిగితే ఏషియన్ ఇండియన్.

ఎవరు అడుగుతున్నారో చూడండి

జవాబు ఒకటే అయినా, ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందన్నది అడిగేవాళ్ళని బట్టి మారుతుంది. జనాభా లెక్కలకి జవాబివ్వడం చట్ట ప్రకారం తప్పనిసరి. మనిషి వారీ వివరాలు 72 ఏళ్ళ దాకా బయటపెట్టరు. ఎస్ఎస్-5లో మాత్రం ఈ రెండు ప్రశ్నలకి జవాబు మీ ఇష్టం.

ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చే ఫారం కూడా మీ ఇష్టమే. అయితే 100 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే కంపెనీలు ప్రభుత్వానికి ఏటా లెక్క పంపాలి. మీరు చెప్పకపోతే పాత రికార్డులు చూసి, లేదా మిమ్మల్ని చూసి వాళ్ళే రాసుకోవచ్చు.

బడి సంగతి చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. పన్నెండో తరగతి లోపు పిల్లల ఫారంలో ఈ గడి వదిలేస్తే, బడి సిబ్బంది పిల్లని చూసి తామే నింపాలని నిబంధన. మీ పాప ముఖం చూసి ఎవరో తెలియని మనిషి ఏ గుంపో తేల్చడం కంటే మీరే రాయడం మేలు కదా? కాలేజీల్లో అలా చేయరు. ఎఫ్-1 వీసా మీద వచ్చిన విద్యార్థుల్నైతే కాలేజీలు పంపే లెక్కల్లో ఏ రేస్‌లోనూ చూపరు, విదేశీ విద్యార్థులుగా విడిగా చూపిస్తారు.

కాలేజీ సీటు దగ్గరే అసలు టెన్షన్. ‘ఏషియన్ అని పెడితే పిల్లాడికి సీటు రాదట’ అన్న మాట ప్రతి తెలుగు పార్టీలోనూ వినిపిస్తుంది. హార్వర్డ్ కేసులో 2023 జూన్ 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, రేస్ గడిలో ఉన్న టిక్‌ని చూసి సీటు ఇవ్వడం, ఆపడం చట్టవిరుద్ధం. రేస్ తన జీవితం మీద ఎలా ప్రభావం చూపిందో విద్యార్థి వ్యాసంలో రాసుకోవచ్చని అదే తీర్పు చెప్పింది. పేరు చూస్తేనే తెలిసిపోయే సంగతిని దాచమని పిల్లలకి చెప్పకండి. నువ్వు నువ్వుగా ఉండటం నష్టం అని పదిహేడేళ్ళ పిల్లకి ఇంట్లోవాళ్ళే నేర్పడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

పిల్లలకి రెండు వైపులా మూలాలుంటే

2000 జనాభా లెక్కల నుంచి ఒకటి కంటే ఎక్కువ రేసులు టిక్ చేయొచ్చు. అమ్మ తెలుగు, నాన్న నల్లజాతి అమెరికన్ అయితే రెండూ పెట్టండి. నాన్న మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం అయితే పాత ఫారంలో ఎథ్నిసిటీ దగ్గర అవును పెట్టి, రేస్ దగ్గర ఏషియన్‌తో పాటు నాన్న వైపుది కూడా పెట్టండి. కొంచెం పెద్దయ్యాక పిల్లల్నే అడగండి, వాళ్ళ జవాబు మీది కాకపోవచ్చు.

ఇక్కడే ఇంకో మాట. మన ఇళ్ళల్లో నల్లజాతి వాళ్ళ గురించి ఎలాంటి మాటలు దొర్లుతాయో మనకి తెలుసు. పిల్లలు వింటారు, బడిలో వాళ్ళ స్నేహితుల ముఖాలు గుర్తు చేసుకుంటారు. మన వలసకి తలుపు తెరిచిన 1965 చట్టం, 1964 పౌరహక్కుల చట్టం వెనకే వచ్చింది. నల్లజాతి వాళ్ళు దెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి గెలుచుకున్న సమానత్వమే ఆ దేశంతో పుట్టుక చూసి పెట్టిన పాత దేశాలవారీ కోటాలు తీసేయించింది. రేస్ గురించి పిల్లలతో మాట్లాడేటప్పుడు ఇది మొదట చెప్పండి.

‘తెలుగు’ అని రాసే చోటు వెతకండి

ఏషియన్ అన్న గడిలో చైనా, కొరియా, ఫిలిప్పీన్స్ వాళ్ళు కూడా ఉన్నారు. ఏషియన్ ఇండియన్ అన్నా పంజాబీ, గుజరాతీ అందరూ ఉన్నారు. తెలుగు లెక్కకొచ్చేది ఇంట్లో మాట్లాడే భాష దగ్గర. ఏటా దాదాపు 35 లక్షల ఇళ్ళకి వెళ్ళే అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో ఆ ప్రశ్న ఉంటుంది. అది మీ ఇంటికొస్తే ‘ఇండియన్’ అని రాయకండి, తెలుగు అని రాయండి. అదే సర్వేలో పూర్వీకుల మూలం ఏమిటని ఖాళీ గడి కూడా ఉంటుంది, మీ ఎథ్నిసిటీ మీ మాటల్లో రాసుకునే అవకాశం అది. అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎంతమంది అని పత్రికల్లో వచ్చే అంకెలు చాలావరకు ఈ సర్వే నుంచి వచ్చేవే.

బడిలో ఇంటి భాష గురించి అడిగే ఫారం మీద భయం ఉంది. తెలుగు అని రాస్తే పిల్లకి ఇంగ్లీష్ పరీక్ష పెడతారని కొందరు ఇంగ్లీష్ అని రాసేస్తారు. పరీక్ష పెట్టే మాట నిజమే. వచ్చిన పిల్ల దాటేస్తుంది, రాని పిల్లకి సాయం దొరుకుతుంది. నిజం రాయండి. ఆసుపత్రిలో అమ్మానాన్నల పేరు మీద ‘ఏ భాషలో మాట్లాడాలి’ అన్న చోట తెలుగు అని పెట్టండి. ఫెడరల్ ప్రభుత్వ డబ్బు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. పరాయి దేశంలో ఒంట్లో బాగాలేని ముసలితల్లికి అంతకంటే ఊరట ఏముంటుంది?

డాక్టరు దగ్గర టిక్‌తో ఆగకండి

ఏషియన్ అన్న టిక్ వల్ల ఒక ఉపయోగం ఉంది. మామూలుగా బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 25 దగ్గర షుగర్ పరీక్ష గురించి ఆలోచిస్తే, ఏషియన్ మూలాలున్నవాళ్ళకి 23 నుంచే ఆలోచించమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్తుంది. సన్నగానే ఉన్నాను కదా అనుకునే మనవాళ్ళకి ఇది పనికొచ్చే మాట.

కానీ అంత పెద్ద గడి చెప్పలేనివి ఎన్నో ఉన్నాయి. తరతరాలు తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్న సమూహాల్లో కొన్ని జన్యు లోపాలు పేరుకుంటాయి. ఆర్యవైశ్యుల్లో సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం మిగతావాళ్ళలో కంటే చాలా ఎక్కువ. ఆ లోపం ఉన్నవాళ్ళకి ఆపరేషన్‌లో కండరాలు వదులు చేయడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తే దాని పని త్వరగా తగ్గదు, సొంతంగా ఊపిరి తీసుకోవడానికి గంటలు పట్టొచ్చు. అమెరికా డాక్టరుకి మీ రేస్ గడి చూస్తే ఈ సంగతి తట్టదు. ఆ కుటుంబాలవాళ్ళు మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి. మేనరికం పెళ్ళి, ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ బల్ల మీద వచ్చిన ఇబ్బంది, సికిల్ సెల్ ఉన్న బంధువులు, ఇవన్నీ నోటితో చెప్పాల్సినవి. ప్రపంచం నలుమూలల నుంచి 26 సమూహాల జన్యువులు చదివిన 1000 జీనోమ్స్ ప్రాజెక్టు ‘యూకేలోని ఇండియన్ తెలుగు’ అని మనవాళ్ళని ఒక సమూహంగా తీసుకుంది. ఆ తెలుగులో కూడా లోపల ఇన్ని పొరలున్నాయి.

కులం ఎక్కడ రాయాలి?

ఎక్కడా రాయొద్దు. అది అక్కడి ఫారాల్లో రేస్ కిందికీ రాదు, ఎథ్నిసిటీ కిందికీ రాదు. అలాగని వివక్ష లేదని కాదు. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది, అమెరికా నగరాల్లో అదే మొదటిది. ఆఫీసులో మీకు అలాంటిది జరిగితే తేదీలతో సహా రాసిపెట్టుకుని హెచ్ఆర్‌కి లిఖితంగా ఇవ్వండి.

వేరే దేశంలో ఉంటే

ఇంగ్లండ్, వేల్స్ జనాభా లెక్కల్లో రేస్ అన్న మాటే లేదు. 1991 నుంచి ‘ఎథ్నిక్ గ్రూప్’ అని అడుగుతున్నారు, ఏషియన్ కింద ఇండియన్ అని పెట్టాలి. కెనడాలో ఒక ప్రశ్న దగ్గర సౌత్ ఏషియన్ అని టిక్ చేసి, పూర్వీకుల మూలాలు అడిగే ఇంకో ప్రశ్న దగ్గర మీ మాటల్లో తెలుగు అని రాయొచ్చు. ఆస్ట్రేలియా పూర్వీకులు, ఇంటి భాష అడుగుతుంది, రేస్ అడగదు. సింగపూర్‌లో గుర్తింపు కార్డు మీదే రేస్ ఉంటుంది. 1989 నుంచి ప్రభుత్వ ఫ్లాట్లు కొనడంలో కూడా దానికి లెక్కుంది. దక్షిణాఫ్రికాలో ఇండియన్ అన్నదే ఒక రేస్. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటలకి వెళ్ళినవాళ్ళలో ఉన్న తెలుగు కుటుంబాల వారసులు ఆ గడిలోనే ఉంటారు. మారిషస్‌లోనైతే మతం లెక్కల్లో తెలుగు అని విడిగా కనిపిస్తుంది.

ఇంతకుముందు తప్పు పెట్టి ఉంటే

దిద్దుకోవడం సులువు. రేస్, ఎథ్నిసిటీ మీరు చెప్పుకునేవి, వీటికి రుజువు కాగితాలు అడగరు. ఆఫీసులో హెచ్ఆర్ పోర్టల్‌లో వ్యక్తిగత వివరాల దగ్గర మీరే మార్చొచ్చు. ఆసుపత్రిలో రిసెప్షన్‌లో చెప్తే చాలు. బడిలో రిజిస్ట్రార్‌కి ఒక ఈమెయిల్ రాయండి. పిల్లల బ్యాగులో ఈడీ-506 అనే ఫారం ఇంటికొస్తే ఒకసారి రికార్డు చూసుకోండి. అది అమెరికన్ ఇండియన్ విద్యార్థుల అర్హత ధ్రువీకరణ ఫారం. బహుశా చేరేటప్పుడు మీరు ఆ గడి టిక్ చేసి ఉంటారు. ఆ ఫారం నింపకుండా, రేస్ ఏషియన్‌గా మార్చమని అదే ఈమెయిల్‌లో రాయండి.